పద్దెనిమిది నిండేదాకా ఆగితే చాలా?

అమెరికాలో పదహారేళ్ల పిల్లలున్న ఇళ్లలో ఒక సలహా తరచూ వినిపిస్తుంటుంది. "ఇప్పుడే ఎందుకండీ ఆ తలనొప్పి? డ్రైవింగ్ లైసెన్సు పద్దెనిమిది నిండాక తీసుకోమనండి. క్లాసులుండవు, గంటల లెక్కలుండవు, రాత్రి ఇన్నింటికల్లా ఇంటికి రావాలనీ ఉండదు." కాలిఫోర్నియా వరకూ ఇందులో అబద్ధమేమీ లేదు. అక్కడ పద్దెనిమిది లోపు వాళ్లు నేర్చుకునేవాళ్లకిచ్చే పర్మిట్ మీద కనీసం 6 నెలలు గడపాలి. పక్కన పెద్దవాళ్లని కూర్చోబెట్టుకుని 50 గంటలు నడపాలి, అందులో 10 రాత్రిపూట. లైసెన్సు చేతికొచ్చాక కూడా మొదటి 12 నెలలు రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 వరకు ఒంటరిగా బండి తీయకూడదు. తల్లిదండ్రులో, 25 దాటిన లైసెన్సుదారో పక్కన లేకుండా 20 ఏళ్ల లోపు వాళ్లని ఎక్కించుకోకూడదు. అదే పద్దెనిమిదో పుట్టినరోజు మర్నాడు వెళ్తే వీటిలో ఒక్కటీ వర్తించదు. కళ్లు చూస్తారు, రాతపరీక్ష పెడతారు, రోడ్డు మీద ఓ చుట్టు తిప్పిస్తారు, అంతే.

సలహా ఇచ్చేవాళ్లని తప్పుపట్టను. రూల్ రాసినవాళ్లే ఆ సందు వదిలారు. ఇలా ఆంక్షలు ఒక్కో మెట్టుగా సడలించే దశలవారీ లైసెన్సు మంచిదేననీ, చాలాచోట్ల ఇంకా గట్టిగా ఉండాలనీ నా నమ్మకం. కానీ దాన్ని కట్టిన గుంజ తప్పు. వయసుకి కట్టారు. కట్టాల్సింది ఒంటరిగా బండి నడిపే తొలి నెలలకి.

పక్క సీటు ఖాళీ అయిన రోజు

కెనడాలో నోవా స్కోషియా 1994లో ఈ పద్ధతి తెచ్చింది. అక్కడి కొత్త డ్రైవర్ల ప్రమాదాలని నెలనెలా విడదీసి చూస్తే వచ్చిన గీత చాలా విషయాలు చెబుతుంది. పక్కన పెద్దవాళ్లున్నంత కాలం నేర్చుకునేవాళ్ల ప్రమాదాలు చాలా తక్కువ. ఒంటరిగా నడిపే మొదటి నెలలో గీత నిట్టనిలువుగా లేస్తుంది. ఆ తర్వాత ఆరేడు నెలల్లో బాగా దిగుతుంది, ఇక అక్కణ్ణుంచి మెల్లమెల్లగా. పరీక్ష పాసైన ముందురోజుకీ మర్నాటికీ మధ్య ఆ మనిషిలో ఏ మార్పూ రాలేదు. పక్క సీటు ఖాళీ అయింది, మారిందల్లా అదే.

పక్క సీట్లోని మనిషి ఏం చేస్తాడని అడిగితే చాలామంది "తప్పులు దిద్దుతాడు" అంటారు. నిజానికి ఎక్కువసేపు అతను చేసే పని వేరు. కొత్తవాళ్లకి ఇంకా కనపడనిది అతనికి ముందే కనపడుతుంది. "ఆగమ్మా, ఆ బస్సు వెనకాల ఇంకో బండుంది, దాన్ని పోనీ." ఈ ఒక్క మాటలో ఉన్నది స్టీరింగ్ తిప్పే నేర్పు కాదు. బస్సు దాటిపోయాక కూడా రోడ్డు ఖాళీ కాదని ముందే తట్టడం. కొత్త డ్రైవరు చూపు బానెట్ ముందు కొద్ది మీటర్ల దగ్గరే నిలిచిపోతుంది. అటూ ఇటూ తక్కువ తిరుగుతుంది, అద్దాల్లోకి పోవడం మరీ తక్కువ. ఇది అందరికీ తెలిసిన సంగతే. పరీక్ష పెట్టే అధికారి మాత్రం చూసేది బండి గీతల మధ్య ఉందా, ఇండికేటర్ వేశారా, స్టాప్ గుర్తు దగ్గర చక్రాలు పూర్తిగా ఆగాయా అనే.

ఎదురు వాహనాల దారిని దాటుతూ పక్క రోడ్డులోకి తిరగడం తీసుకోండి. ఆగి ఉన్న కారు కదిలి, అవతలి లేన్లు దాటి, వెనక బంపరు కూడా బయటపడేసరికి దాదాపు 5 సెకన్లు పడుతుంది. ఎదురు కారు గంటకి 60 కిలోమీటర్ల వేగంతో వస్తుంటే ఆ 5 సెకన్లలో 83 మీటర్లు వచ్చేస్తుంది. 80తో వస్తుంటే 111. కొత్తవాళ్లు దూరాన్ని చూస్తారు, వేగం వాళ్ల కంటికి ఆనదు. నిన్న కారు 90 మీటర్ల అవతల ఉన్నప్పుడు తిరిగితే ఏమీ కాలేదు, కాబట్టి ఇవాళా తిరుగుతారు. 60 మీద ఆ 90 మీటర్లంటే 5 సెకన్ల పైమాటే. 80 మీద 4 సెకన్లే. ఆ ఒక్క సెకను తేడా పుస్తకంలో దొరకదు. వందసార్లు కూడలి దగ్గర ఆగి, తిరగకుండా, "ఇప్పుడు తిరిగితే సరిపోయేదా?" అని పైకి లెక్కపెట్టుకుంటే కొంత వస్తుంది. ఒకటి, రెండు, మూడు అంటుండగా ఎదురు కారు ముందునుంచి దాటిపోయిందంటే ఆ ఖాళీ చాలదని అర్థం.

రోడ్డు అంచు దిగడం ఇంకోటి. వంపులో పక్క చక్రాలు కంకరలోకి జారాయి. భయంతో స్టీరింగ్ ఒక్కసారిగా లాగేస్తారు. చక్రాలు మళ్లీ తారెక్కగానే పట్టు దొరికి, బండి ఎదురు లేన్లోకి దూసుకుపోతుంది. చేయాల్సింది దీనికి పూర్తిగా తలకిందులు. స్టీరింగ్ తిన్నగా గట్టిగా పట్టుకోవాలి, యాక్సిలరేటర్ మీద కాలు తీయాలి, బ్రేకు మీద గుద్దకూడదు, వేగం బాగా తగ్గాక మెల్లగా పైకి తేవాలి. లైసెన్సు పరీక్షల్లో మామూలుగా దీన్ని అడగరు. ఖాళీ రోడ్డు మీద, తక్కువ వేగంలో, కావాలనే రెండు చక్రాలు దించి చూపించగలిగేది పక్కన కూర్చునే మనిషే.

గంటలు, ఆ గంటల్లో ఉన్నవి

మరి ఎన్ని గంటలు? ఆస్ట్రేలియాలో విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ 120 అడుగుతాయి. ఆ అంకె వెనక స్వీడన్ ఉంది. అక్కడ 1993 సెప్టెంబరులో నేర్చుకోవడం మొదలుపెట్టే వయసుని పదిహేడున్నర నుంచి 16కి దించారు. లైసెన్సు వయసు మాత్రం 18గానే ఉంచారు. తొందరగా మొదలుపెట్టినవాళ్లు సగటున 120కి కాస్త తక్కువ గంటలు నడిపారు. మిగతావాళ్లు 50 కూడా దాటలేదు. లైసెన్సు వచ్చాక ముందు మొదలుపెట్టినవాళ్ల ప్రమాదాలు గణనీయంగా తక్కువగా ఉన్నాయి. పదహారేళ్లకే పిల్లలకి తీరిగ్గా నేర్పించగలిగిన ఇళ్లు కలిగిన ఇళ్లే అయ్యుంటాయి కదా అన్న అనుమానం న్యాయమైనదే. దాన్ని లెక్కలోకి తీసుకుంటే తేడా కొంత తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు.

అంటే గంటలు పనిచేస్తాయి. ఏ గంటలు అన్నది ప్రశ్న. నడిపిన గంటలు రాసుకునే ఒక లాగ్‌బుక్కు ఊహించుకోండి. పేజీ నిండా ఒకే నీలం సిరా, ఒకే చేతిరాత, ప్రతి వరసలో సాయంత్రం 6 నుంచి 7, పొడి రోడ్డు, తక్కువ రద్దీ, ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి. చివర్లో ఒకే విడతలో పెట్టేసిన సంతకాలు. ఇది దొంగ లెక్క కాకపోవచ్చు, నిజంగానే నడిపి ఉండొచ్చు. అయినా 120 గంటలు నడపడం ఒకటి, ఒకే గంట 120 సార్లు నడపడం ఇంకొకటి. న్యూ సౌత్ వేల్స్‌లో 20 గంటలు రాత్రివి అయ్యుండాలన్నది మంచి ముక్క. నన్నడిగితే మొత్తాన్ని 80కి దించి, ఆ 80 ఎక్కడెక్కడ గడపాలో రాసిపెడతాను. వానలో 10, రాత్రి 20, హైవే మీద ఎక్కుతూ దిగుతూ 10, పొద్దు వాలే వేళ ఎండ కళ్లలోకి కొడుతుండగా 5, ముందెన్నడూ చూడని దారుల్లో 15. చివరి 20లో పక్కవాళ్లు నోరు తెరవకూడదు. నడిపేవాళ్లే ముందు కనపడుతున్నవన్నీ పైకి చెబుతుండాలి: "ఎడమ పక్క ఆగి ఉన్న కారు, డ్రైవరు సీట్లో మనిషున్నాడు, తలుపు తెరవొచ్చు." ఏం చూస్తున్నారో కాక, ఏం చూడట్లేదో అప్పుడు బయటపడుతుంది.

న్యూ సౌత్ వేల్స్‌లో శిక్షకుడితో గడిపిన ప్రతి గంటనీ 3 గంటలుగా రాసుకోనిస్తారు, అలా 10 గంటల పాఠాలకి 30 వరకు. ఇది నాకు సగమే నచ్చింది. శిక్షకుడితో గడిపే గంట విలువైనదే, కానీ రోడ్డు మీద లేని 20 గంటలు ఎక్కడ్నుంచో వచ్చిపడతాయి. కెనడాలోని అంటారియోలో తప్పు ఇంకాస్త పెద్దది. అక్కడ పక్కన మనిషితోనే నడపాల్సిన మొదటి దశ 12 నెలలు, గుర్తింపు ఉన్న కోర్సు చేస్తే 8. కోర్సు చేసి ముందే బయటపడ్డవాళ్ల ప్రమాదాల రేటు, చేయకుండా ఏడాదంతా ఆగినవాళ్ల కన్నా ఎక్కువని అక్కడి తొలి మూల్యాంకనంలోనే తేలింది. కోర్సు చెడ్డదని కాదు. కోర్సు ఇచ్చిన దానికన్నా, అది కోసేసిన 4 నెలలు ఎక్కువ విలువైనవి. నార్వే అనుభవం దీనికి తోడు. 1979లో అక్కడ జారుడు రోడ్ల మీద బండి అదుపు చేసే శిక్షణ తప్పనిసరి చేశారు. కుర్రాళ్ల ప్రమాదాలు తగ్గకపోగా పెరిగాయి. జారితే నిలబెట్టగలనన్న ధీమా వచ్చింది, జారేంత వేగంతో పోకూడదన్న భయం పోయింది. శిక్షణ ఎంత కావాలంటే అంత ఇవ్వండి, దానికి బదులుగా కాలాన్ని మాత్రం తగ్గించకండి.

వెనక సీట్లో స్నేహితులు

ఈ మొత్తం వ్యవహారంలో ఒక్క రూలే మిగల్చమంటే నేను ప్రయాణికుల రూలు మిగులుస్తాను. పిల్లలకి ఒళ్లు మండేదీ దీనికే. 2000లో జామా అనే వైద్య పత్రికలో వచ్చిన అమెరికా లెక్కల ప్రకారం, పదహారేళ్ల డ్రైవరు ఒంటరిగా వెళ్లినప్పుడు చనిపోయే ప్రమాదాన్ని 1 అనుకుంటే, ఒక ప్రయాణికుడుంటే 1.39, ఇద్దరుంటే 1.86, ముగ్గురో అంతకన్నా ఎక్కువో ఉంటే 2.82. పదిహేడేళ్ల వాళ్లదీ ఇదే దారి.

దీనికి వినిపించే జవాబు గట్టిదే. "నలుగురూ ఒక కార్లో వెళ్లకపోతే నాలుగు కార్లలో వెళ్తారు. నలుగురు కొత్త డ్రైవర్లు రోడ్డెక్కుతారు. ఒకటి నాలుగైంది కదా?" లెక్క వేసి చూద్దాం. నలుగురు విడివిడిగా వెళ్తే మొత్తం ప్రమాదం 4. ఒకే కార్లో వెళ్తే 2.82, ఇది తక్కువే అనిపిస్తుంది. కానీ ఆ 2.82 డ్రైవరుది మాత్రమే. అదే కార్లో ఇంకో ముగ్గురున్నారు. వాళ్లకి డ్రైవరుకున్న ప్రమాదంలో సగమే ఉందనుకున్నా 2.82కి ముగ్గురి 1.41లు కలిపితే 7 దాటుతుంది. పైగా కలిసి వెళ్లడం కుదరకపోతే నలుగురూ బయల్దేరరు, ఇద్దరు ఇంట్లో ఉండిపోతారు, ఒకరిని వాళ్లమ్మ దింపుతుంది.

ఈ అంకెల మీద నాకున్న అనుమానం వేరు. స్నేహితులతో వెళ్లే ప్రయాణాలు మామూలుగా సరదా ప్రయాణాలు, రాత్రివి, అలవాటు లేని దారులవి. పెరిగిన ప్రమాదంలో ఎంత స్నేహితులది, ఎంత ఆ ప్రయాణానిది అన్నది పూర్తిగా విడదీయలేం. అందుకే విక్టోరియా పద్ధతి నాకు నచ్చుతుంది. అక్కడ లైసెన్సు వచ్చిన కొత్తలో బండికి పెట్టుకునే ఎర్ర పీ ప్లేటు ఉన్నంత కాలం 16 నుంచి 21 ఏళ్ల వాళ్లని ఒక్కరినే ఎక్కించుకోవచ్చు. వయసులో పెద్దవాళ్ల మీద ఆంక్ష లేదు. అమ్మమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆగదు. న్యూ సౌత్ వేల్స్ ఈ ఆంక్షని రాత్రి 11 నుంచి 5 వరకే పెట్టింది. అది మరీ ఉదారం. బడి వదిలాక మధ్యాహ్నం మూడున్నరకి కారు నిండా ఎక్కే పిల్లలు దాని కిందికి రారు.

రాత్రి రూలు దగ్గర ఎక్కువసేపు ఆగను. హెడ్‌లైట్లు కిందికి దించినప్పుడు (లోబీమ్) వెలుతురు అందేది దాదాపు 50, 60 మీటర్లు. 80 వేగంలో చూసి స్పందించడానికి ఒకటిన్నర సెకన్లంటే 33 మీటర్లు, పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 35. అంటే వెలుతురు అందే దూరం కన్నా ఆగే దూరమే ఎక్కువ. పాత డ్రైవరుకీ ఇదే లెక్క, కాకపోతే అతను తెలియకుండానే వేగం తగ్గిస్తాడు. రూలు మొదలయ్యే వేళ దగ్గరే చాలాచోట్ల పొరపాటు జరిగింది. అమెరికాలో 16, 17 ఏళ్ల వాళ్ల రాత్రి ప్రాణాంతక ప్రమాదాల్లో సగానికి పైగా అర్ధరాత్రికి ముందే జరుగుతాయి. అర్ధరాత్రి నుంచి మొదలయ్యే రూలు వాటిని అసలు తాకదు. 9కి మొదలుపెట్టి, ఉద్యోగానికో చదువుకో వెళ్లొచ్చే దారికి మినహాయింపు ఇవ్వడం మేలు.

గీత ఎక్కడ గీయాలి

2011లో జామాలోనే వచ్చిన ఇంకో అధ్యయనం ఈ పద్ధతిని సమర్థించేవాళ్లకి గొంతులో ముల్లు. 1986 నుంచి 2007 వరకు అమెరికా రాష్ట్రాలన్నీ చూశారు. రూళ్లు గట్టిగా ఉన్నచోట పదహారేళ్ల డ్రైవర్ల ప్రాణాంతక ప్రమాదాలు 26 శాతం తక్కువ. బాగుంది. పద్దెనిమిదేళ్ల వాళ్లవి 12 శాతం ఎక్కువ! ప్రమాదం తగ్గలేదు, రెండేళ్లు వాయిదా పడింది అనేవాళ్లకి ఇది దొరికిన కత్తి.

దీన్ని రెండు రకాలుగా చదవచ్చు. ఆంక్షల మధ్య పెరిగినవాళ్లకి ఒంటరి అనుభవం చాలలేదన్నది ఒకటి. అసలు ఆ దశల్లోకే రాకుండా పద్దెనిమిది దాకా ఆగి, ఏ సాధనా లేకుండా రోడ్డెక్కినవాళ్లు పెరిగారన్నది ఇంకోటి. ఏది ఎంతన్నది ఆ అంకెలు చెప్పవు. మొదటిదే నిజమైతే ఆంక్షలు మరీ ఎక్కువైనట్టు, రెండోదే నిజమైతే మరీ తొందరగా ముగిసినట్టు. నేను రెండోదాని వైపే మొగ్గుతాను. కారణం మొదట్లో చెప్పిన ఆ సలహానే. అంత తేలికగా దాటెయ్యగలిగిన కంచెని జనం దాటకుండా ఉంటారా?

కొన్నిచోట్ల గీతని ముందుకి జరిపారు. న్యూజెర్సీలో 21 లోపు కొత్త డ్రైవర్లందరికీ దశలు తప్పవు. టెక్సస్‌లో 18 నుంచి 24 ఏళ్ల వాళ్లకి 6 గంటల కోర్సు ఉంది, ఆ 6 గంటలూ తరగతి పాఠమే. అంటారియో గీతే గీయలేదు, నలభై ఏళ్ల మనిషైనా మొదటి దశ నుంచే రావాలి. 1987లో ఈ పద్ధతికి పూర్తి రూపం ఇచ్చిన న్యూజీలాండ్ దారి నాకు అన్నిటికన్నా సబబుగా తోస్తుంది. దశలు అందరికీ ఉంటాయి, వ్యవధి మాత్రం వయసుతో మారుతుంది. ఒంటరిగా నడపనిచ్చే రెండో దశ మామూలుగా 18 నెలలు, 25 దాటినవాళ్లకి 6. రాత్రి 10 నుంచి 5 వరకు ఒంటరిగా నడపకూడదన్నదీ, ప్రయాణికుల ఆంక్షా పెద్దవాళ్లకీ ఉన్నాయి, కానీ భార్యాభర్తలకీ సొంత పిల్లలకీ మినహాయింపు ఉంది. ముప్పై ఐదేళ్ల తల్లి తన బిడ్డని బడికి దింపడానికి ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకోనక్కర్లేదు.

పెద్దవాళ్ల విషయంలో నా వాదనకి కూడా ఒక హద్దుంది, అది ఒప్పుకోవాలి. వెనక సీటు లెక్కలన్నీ పదహారు, పదిహేడేళ్ల వాళ్లవి. నలభై ఏళ్ల కొత్త డ్రైవరు పక్కన సహోద్యోగి కూర్చుంటే ప్రమాదం పెరుగుతుందని వాటిని చూపించి అనలేం. రాత్రి డ్యూటీ చేసే నర్సుకి 10 తర్వాత నడపొద్దంటే ఉద్యోగం మానమన్నట్టే. కాబట్టి పెద్దవాళ్లకి రాత్రి, ప్రయాణికుల ఆంక్షలు నేను అడగను. పక్కన మనిషితో నడిపిన గంటలు, మద్యం సున్నా, ఫోను అసలే వద్దు, కొత్త డ్రైవరని చెప్పే ప్లేటు, ఈ నాలుగూ ఏ వయసుకైనా 6 నెలలు ఉండాలి. ఎదురు కారు వేగం అంచనా కట్టడం నలభై ఏళ్లు వచ్చినంత మాత్రాన రాదు.

ప్లేటు సంగతి వచ్చింది కనుక ఒక మాట. న్యూజెర్సీ 2010లో 21 లోపు కొత్త డ్రైవర్ల నంబరు ప్లేట్లకి ఎర్ర స్టిక్కర్లు పెట్టమన్నప్పుడు, ఆడపిల్ల ఒంటరిగా వెళ్తోందని ఊరంతా చాటినట్టవుతుందని తల్లిదండ్రులు భయపడ్డారు, కోర్టుకీ వెళ్లారు. రాష్ట్ర సుప్రీంకోర్టు 2012లో చట్టాన్ని నిలబెట్టింది. మొదటి ఏడాది ఆ దశలోని డ్రైవర్ల ప్రమాదాలు దాదాపు 9 శాతం తగ్గాయి. అయినా ఆ భయాన్ని కొట్టిపారేయను. ప్లేటు అన్ని వయసుల కొత్తవాళ్లకీ ఉంటే అది లోపలున్నది పదిహేడేళ్ల పిల్ల అని చెప్పదు. కొత్త డ్రైవరని మాత్రమే చెబుతుంది. గీతని వయసు మీద నుంచి తీసేయడానికి ఇదీ ఒక కారణం.

ఇంకో అభ్యంతరం మిగిలింది, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. 120 గంటలంటే కారుండాలి, ఇంధనం పొయ్యాలి, పూర్తి లైసెన్సున్న మనిషి సాయంత్రాలు ఖాళీగా ఉండాలి. అమ్మానాన్నలిద్దరికీ లైసెన్సు లేని ఇంట్లో ఆ గంటలు ఎలా పూర్తవుతాయి? పూర్తికాకపోతే బస్సు రాని చోట బండి నడపక తప్పదు, నడిపితే జరిమానా, కట్టకపోతే ఇంకోటి. ఆస్ట్రేలియాలో ఆదివాసీ కుటుంబాలకి ఇది ఊహ కాదు, రోజూ చూసేదే. విక్టోరియా దీనికోసం ఎల్‌టూపీ అని ఒకటి నడుపుతోంది. కారూ మనిషీ లేని కుర్రాళ్లకి ఒక కారునీ, పక్కన కూర్చునే స్వచ్ఛంద కార్యకర్తనీ ఏర్పాటు చేస్తారు. చేరడానికి వయసు మామూలుగా 16 నుంచి 20. అక్కడ 21 నిండాక 120 గంటల షరతు ఉండదు, పరీక్ష పాసైతే ఎర్ర ప్లేటు లేకుండా నేరుగా తర్వాతి దశ పచ్చ ప్లేటే ఇస్తారు. ఎల్‌టూపీలో చోటూ ఆ వయసుకే ఆగిపోతుంది.